ఊదమంటే పీల్చాడు

ధర్మవరంలో మగ్గం నేసేవాళ్లకు ఒక అలవాటు ఉంది. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో కొత్త దారపు కండె పెట్టినప్పుడు, పోగు కొసను నాడె కన్నం దగ్గర ఆనించి, బయటినుంచి నోరు పెట్టి చటుక్కున పీలుస్తారు. పోగు బయటికి వచ్చేస్తుంది. ముప్పై ఏళ్లుగా చేస్తున్న ఈ పనే మన చౌడప్పను నడిరోడ్డు మీద నవ్వులపాలు చేసింది. మీరూ నవ్వండి, తప్పులేదు. కానీ కథ చివరిదాకా విని నవ్వండి.

ఆ రోజు చౌడప్ప, అతని భార్య సులోచన బైకు మీద హిందూపురం వెళ్లారు. అక్కడ ఒక వ్యాపారి కూతురి పెళ్లికి ముహూర్తం చీర నేసింది అతనే. నేసిన దంపతులే చీర తెచ్చి దేవుడి పటం ముందు పెడితే మంచిదని ఆ ఇంటివాళ్ల నమ్మకం. చీర అంచు చూసి అందరూ మురిసిపోయారు. సులోచనకు తాంబూలం, ఓళిగలతో భోజనం పెట్టారు. చౌడప్పకు మాత్రం పెళ్లికూతురి మేనమామ మేడ మీద వేరే మర్యాద చేశాడు. "రెండే గ్లాసులప్పా, అలుపు తీరతాది" అన్నాడు. రెండు కాస్తా నాలుగయ్యాయి.

మధ్యాహ్నం మూడింటికి బైకెక్కారు. పెనుకొండ దగ్గర కానిస్టేబుల్ తిప్పన్న బండి ఆపి, గొట్టం ఉన్న చిన్న యంత్రాన్ని చౌడప్ప నోటి ముందు పెట్టాడు.

"ఊదప్పా."

చౌడప్ప నోరు ఆనించి చటుక్కున పీల్చాడు.

"ఊదమంటే పీలుస్తాండావేమప్పా!"

"అలవాటు సార్. మగ్గంలో నాడె..."

"నాడె లేదు, గీడె లేదు. ఊదు."

మళ్లీ పీల్చాడు. ఆగిన బండ్లవాళ్లంతా పగలబడి నవ్వారు. చివరికి తిప్పన్న తన బుగ్గలు ఉబ్బించి ఎలా ఊదాలో చూపించాల్సి వచ్చింది. మూడోసారి చౌడప్ప ఊదాడు. యంత్రం నూట నలభై రెండు చూపించింది. చట్టం ఒప్పుకునేది ముప్పై. బండి స్టేషన్‌కు, మొగుడూ పెళ్లాలు బస్సులో ఇంటికి చేరారు.

మరునాటి నుంచి చౌడప్పకు నిద్ర లేదు. మొదటిసారి పట్టుబడినా ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ వేయవచ్చని తెలిసింది. జైలుకు పోతే మగ్గం పడుకుంటుంది, వీధిలో తల ఎత్తుకోలేడు. ఇలాంటప్పుడు ఉచిత సలహాలకు కరువుండదు కదా! దగ్గుమందు తాగానని చెప్పమన్నారు ఒకరు. పెళ్లాం చేత సాక్ష్యం చెప్పించమన్నారు ఇంకొకరు. రెండూ బాగున్నాయనుకుని, భార్యను వెంటబెట్టుకుని పెనుకొండలో వకీలు పద్మజ దగ్గరికి వెళ్లాడు.

"మేడమ్, నేను తాగింది దగ్గుమందు. మా ఆడామె సాక్షి చెప్తాది. ఇంకో పాయింటు కూడా ఉండాది. రెండుసార్లు నేను పీల్చినా, ఊదనే లేదు. అట్లయితే మిషన్ లెక్క చెల్లదు గదా?"

పద్మజ నవ్వు ఆపుకోలేకపోయింది. "మూడోసారి ఊదినావు గదన్నా. స్టేషన్‌లో నీకిచ్చిన కాగితాల్లో మిషన్ తనిఖీ చూసినా, సరిగ్గానే ఉండాది. పోలీసులు తప్పు చేసింటే నీ తరపున నేనే కొట్లాడేదాన్ని. నూట నలభై రెండు రావల్లంటే దగ్గుమందు బక్కెట్టుతో తాగింటివా?"

తర్వాత ఆమె సులోచన వైపు తిరిగింది. "అక్కా, కోర్టులో ప్రమాణం చేసి చెప్పాల. వెనక కూర్చున్నది నువ్వు. ఏం జరిగింది?"

ఆ మాట ఇంతవరకు సులోచనను ఎవరూ అడగలేదు. కట్టుకున్నవాడు కూడా అడగలేదు.

"సోమందేపల్లి దాటినాక బండి కుడిపక్కకు పోయింది మేడమ్. ఎదురుగా లారీ. ఆయప్ప హారన్ కొడతానే ఉండాడు, ఈయప్ప పాట పాడతానే ఉండాడు. నేను కండ్లు మూసుకొని చౌడేశ్వరమ్మను తల్చుకున్యా. లారీ ఆయప్పే పక్కకు కోసి మమ్మల్ని బతికిచ్చినాడు. ఆ పొద్దు నుంచి బండి చప్పుడు ఇంటే గుండె దడ."

చౌడప్ప ముఖం పాలిపోయింది. "నాకు చెప్పలేదేమే?"

"నీకు ఇనే తీరిక యాడుండాది? దగ్గుమందు సీసా ఎతుక్కుంటాంటివి!"

పద్మజ మెల్లగా అంది. "అన్నా, తప్పు చెయ్యనోడిని కాపాడేది, చేసినోడికి తప్పుకు మించిన శిక్ష పడకుండా చూసేది వకీలు పని. అబద్ధం నేసిచ్చేది నా పని కాదు."

నేసే మాట వినగానే చౌడప్ప తలదించుకున్నాడు. "నిజమే మేడమ్. పోగు తెగితే అప్పుడే ముడెయ్యాల. చూసీ చూడనట్టు నేస్తే కొంగు దాకా గీత పడతాది. ఒప్పుకుంటా."

కోర్టులో ఒప్పుకున్నాడు. "తాగినా సార్. ఊదమంటే పీల్చింది కూడా నిజమే" అన్నాడు. మేజిస్ట్రేటు గారు కాగితం అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. మొదటి తప్పని, దాచకుండా చెప్పాడని పద్మజ విన్నవించింది. జైలు తప్పింది. జరిమానా పడింది, లైసెన్సు ఆరు నెలలు ఆగింది. ఆ ఆరు నెలలూ చౌడప్ప చీరల మూట నెత్తిన పెట్టుకుని రైల్లో హిందూపురం తిరిగాడు. ఎవరైనా మేడ మీదికి రమ్మంటే, "మా ఆడామెను అడిగి వస్తా" అనేవాడు. మళ్లీ ఎవరూ పిలిచేవారు కారు.

గడువు తీరాక ఇద్దరూ బైకు మీద మళ్లీ బయల్దేరారు. పెనుకొండలో అదే తిప్పన్న, అదే యంత్రం.

"ఏమప్పా, పీలుస్తావా, ఊదుతావా?"

చౌడప్ప గుండె నిండా గాలి తీసుకుని ఊదాడు. సున్నా వచ్చింది. వెనక నుంచి సులోచన తొంగిచూసి, "ఇంగోసారి ఊదయ్యా, ఆ సున్నా ఎంత ముద్దుగా ఉండాదో!" అంది. ఆమె గుండె దడ తగ్గింది ఆ రోజే.

తాగాలా వద్దా అన్నది మీ ఇంటి మాట అనుకుందాం. కానీ తాగి బండెక్కబోతే మాత్రం, మీ వెనక కళ్లు మూసుకుని కూర్చోవాల్సిన మనిషిని ముందు ఒక్కమాట అడగండి.