తస్వీర్‌ఖానాలో ఆడవాళ్ల రోజు

డేరా గుడ్డ మీద వాన దబదబా కొడుతోంది. విమల డేరా వాకిట్లో గొంతుకూర్చుని, ఒక చేత్తో కొంగు గాలికి అడ్డం పట్టి, రెండో చేత్తో స్టవ్వుకు పంపు కొడుతోంది. మంట లేస్తోంది, ఆరిపోతోంది.

"విమలా, చాయ్ అయిందా?" డేరా లోపల కంబళి కింది నుంచి వైకుంఠం అడిగాడు. "ఈ వాన సప్పుడు, ఈ సల్లగాలి... ఎంత హాయిగున్నదో సూడు!"

హాయిగానే ఉంటుంది, అనుకుంది విమల. పడుకుని వింటే ఏ వానైనా హాయిగానే ఉంటుంది.

వైకుంఠానికి బేగంబజార్‌లో ఇత్తడి గిన్నెల దుకాణం. గిన్నెలు అమ్ముకునే మనిషికి బొమ్మల పిచ్చి ఎట్లా పట్టుకుందో ఎవరికీ తెలియదు. నాలుగేళ్ల కింద ఊరు విడిచిపోతున్న ఒక తెల్లదొర దగ్గర, పక్కన తొట్టి ఉన్న ఫట్‌ఫటీ మోటారుబండి కొన్నాడు. అప్పటి నుంచి ఏటా ఆషాఢంలో, బేరాలు మందంగా ఉన్న రోజుల్లో, స్నేహితుడు భిక్షపతిని తొట్టిలో కూర్చోబెట్టుకుని గండిపేట చెరువు ఒడ్డుకు వెళ్లేవాడు. డేరా వేసుకుని మూడు రోజులు ఉండేవారు. పగలు ఫట్‌ఫటీ మీద నగరంలోకి వచ్చి, పాతకాలపు వస్తువులు పెట్టే అజాయబ్‌ఖానాలోనో, ఏ నవాబు దేవిడీలోనో పటాలు చూడటం. పొద్దుగూకితే భిక్షపతి వండింది తినడం.

ఈసారి భిక్షపతికి చలిజ్వరం. "నువ్వొస్తవా?" అని భార్యను అడిగాడు వైకుంఠం. పదకొండేళ్ల కాపురంలో అట్లాంటి మాట వినడం మొదటిసారి. విమల గుండె ఝల్లుమంది. ఆ ఝల్లు తగ్గక ముందే అతనే చెప్పేశాడు: "భిక్షపతి లేకుంటే వంటకెట్ల మరి?" కడుపులో ఏదీ దాచుకోలేని మనిషి. అతని మీద కోపం వచ్చినా ఎక్కువసేపు నిలవకపోవడానికి కారణం అదే.

"మొగని పక్కన ఫట్‌ఫటీ ఎక్కి ఊరేగుడేందే?" అన్నది అత్త నాగమణమ్మ. మళ్లీ తనే, "పిల్లగాండ్లను నేను సూస్తగని, మూడు దినాలకు సరిపోను పిండి ఇసిరి, తొక్కు నూరి పో," అని కూడా అన్నది. విమల విసిరింది, నూరింది, వచ్చింది. వచ్చాక చూస్తే ఇక్కడా అదే పని. ఇంట్లో పొయ్యికి పైన కప్పు ఉంటుంది, ఇక్కడ లేదు. అంతే తేడా.

నిన్న అజాయబ్‌ఖానా ముందు బండి ఆపి, "సామాను ఎవలన్న ఎత్తుకపోతరు, నువ్వు ఈడ్నే కూసో. నేను సూసొచ్చి అన్నీ చెప్త," అన్నాడు వైకుంఠం. చెప్పాడు కూడా. చేతులు తిప్పుతూ, కళ్లు మెరుస్తుండగా, ఎంతో ప్రేమగా గంటసేపు చెప్పాడు. ఆమె రొట్టెలు చేస్తూ విన్నది. ఆయన తిన్న బిర్యానీ రుచి చెబితే నా కడుపు నిండుతుందా అని అడగాలనిపించింది. అంత సంబరంగా చెప్పే మనిషిని ఏమని అడుగుతుంది?

ఇవాళ మూడో రోజు. తడిసి బరువెక్కిన డేరాను మడిచి, గిన్నెలూ స్టవ్వూ తొట్టిలో కుక్కి, వాటి మధ్యలో ఇరుక్కుని కూర్చుంది విమల. కార్వాన్ మీదుగా పురానాపూల్ దాటి పాత నగరంలోకి వచ్చేసరికి ఇద్దరూ నిలువునా తడిశారు. శాలిబండలో ఇల్లు చేరక ముందే చూడాల్సింది ఇంకొకటి ఉంది. ఒక నవాబు తన దేవిడీలో పటాలుండే తస్వీర్‌ఖానాను ఈ వారం రోజులు జనానికి తెరిచాడు. వైకుంఠం నెల రోజులుగా ఈ దినం కోసమే ఎదురుచూస్తున్నాడు.

దేవిడీ కమాను కింద పహరా మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆజ్ జనానా హై సేట్‌సాబ్. మర్దోం కో మనా హై."

ఇవాళా రేపూ ఆడవాళ్లకేనట. మగవాళ్ల రోజులు నిన్నటితో అయిపోయాయట. వైకుంఠం బతిమాలాడు. వానలో అంత దూరం నుంచి వచ్చిన సంగతి చెప్పాడు. పహరా మనిషి మీసం కూడా కదలలేదు. చివరికి వైకుంఠం భార్య వైపు తిరిగాడు. మిఠాయి చేతిదాకా వచ్చి కింద పడిపోయిన పిల్లవాడి మొహంలా ఉంది అతని మొహం. ఆమెకు జాలేసింది. నవ్వు కూడా వచ్చింది.

"నువ్వన్న పోయి సూసిరా. పది నిమిషాలు, అంతే. ఎట్లున్నయో మొత్తం నాకు చెప్పాలె. జల్ది రా, అమ్మ వంటకు ఎదురుసూస్తుంటది."

"మరి సామాను?" అన్నది విమల.

అతను తొట్టి వైపు చూశాడు. "నేనుంట తియ్," అన్నాడు.

లోపల చల్లటి రాతి నేల. గోడల నిండా పటాలు. మొదటి పది నిమిషాలూ విమల అతనికి చెప్పడం కోసమే చూసింది. ఏనుగుల మీద యుద్ధం. డేగను ముంజేతి మీద పెట్టుకున్న సుల్తాను. బాజాభజంత్రీల పెళ్లి ఊరేగింపు. సంత నుంచి తేవలసిన సరుకులు మనసులో అప్పజెప్పుకున్నట్టు ఒక్కొక్కటే గుర్తుపెట్టుకుంటూ నడిచింది. వెళ్లిపోదామని తిరగబోతుంటే, కిటికీ పక్కన అరచేయంత పటం ఒకటి కనిపించింది.

అందులో ఒక ఆడమనిషి. వెనకాల నల్లమబ్బు. అరుగు మీద కూర్చుని, కాళ్లు కిందికి జారవిడిచి, చినుకుల వైపు చూస్తోంది. విమల దగ్గరికి జరిగి వెతికింది. చేతిలో చేట లేదు, దారం లేదు, పూలబుట్ట లేదు. ఒడిలో పిల్ల లేదు. ఎవరి కోసమో చూస్తోందా అంటే, దారి వైపు కాదు ఆమె చూపు. ఈమె ఏం చేస్తున్నట్టు? ఏదో పని తన కంటికి ఆనడం లేదని మళ్లీ మూలమూలా వెతికింది.

అక్కడే స్టూలు మీద కూర్చున్న ముసలి నౌకరు జైనబ్ బీని అడిగింది, "ఈమె ఏం జేస్తున్నదమ్మా?"

జైనబ్ బీ లేచి వచ్చి, పటానికి ముక్కు ఆనించేంత దగ్గరగా చూసింది. "కుచ్ నహీ కర్తీ బేటీ," అన్నది. "బైఠీ హై, బస్."

ఏమీ చేయడం లేదు. కూర్చున్నది, అంతే.

"ఖాళీగ కూసున్నవేందే?" కాపురానికి వచ్చిన మూడో రోజున అత్త అన్న మాట అది. అంతకుముందు పుట్టింట్లో అమ్మా అదే అన్నది. ఇప్పుడు ఎవరూ అనవలసిన పని లేదు, ఆమె లోపలే ఎవరో కూర్చుని అంటూ ఉంటారు. పిల్లలు పడుకున్నాక గడప మీద ఒక నిమిషం కూలబడితే చాలు, చేతులు వాటంతట అవే పక్కనున్న బియ్యం చేటను దగ్గరికి లాక్కుంటాయి. ఎవడో చిత్రకారుడు, ఎన్ని వందల ఏళ్ల కిందనో, ఒక ఆడమనిషి ఊరికే కూర్చుంటే చూసి, అదీ బొమ్మ గీయదగ్గ సంగతే అనుకున్నాడు. బంగారు నీళ్లతో అంచు కట్టాడు. విమలకు కళ్లు చెమర్చాయి. ఎందుకో ఆమెకే సరిగ్గా తెలియలేదు.

జైనబ్ బీ తన స్టూలు జరిపింది. విమల కూర్చుంది. కిటికీ బయట వాన పడుతూనే ఉంది. అత్తకు వండిపెట్టాలన్నది గుర్తొచ్చింది, పోయింది. పది నిమిషాల మాట గుర్తొచ్చింది, అదీ పోయింది.

ఆమె బయటికి వచ్చేసరికి లోపలికి వెళ్లి రెండు గంటలు దాటింది. కమాను కింద వైకుంఠం స్టవ్వు ముందు గొంతుకూర్చుని ఉన్నాడు. మొహానికి మసి. పాలు పొంగి నేలంతా పారాయి. పక్కన పహరా మనిషి సలహాలిస్తున్నాడు.

"నీకు సలి పెడ్తదని చాయ్ పెడుతున్న," అన్నాడు వైకుంఠం తప్పు చేసినవాడిలా. "గీ స్టవ్వేంది విమలా, గింత సతాయిస్తది? నువ్వు రోజు దీంతోనేనా లొల్లి?"

ఆమె గ్లాసు అందుకుంది. చాయ్ స్టవ్వులో పోసే గ్యాస్‌నూనె వాసన కొడుతోంది, చక్కెర లేదు. పదకొండేళ్లలో అతని చేతి చాయ్ ఇదే మొదలు. ఆమె చివరి చుక్కదాకా తాగింది.

"చెప్పు, ఏమేం సూసినవ్?" ఆత్రంగా అడిగాడు.

"ఇంక సూసుడు కాలేదు. రేపు గూడ ఆడోళ్ల దినమే గద. మల్ల వస్త."

"రేపు నేను దుకాణం తెరవాలె. ఎట్ల తోల్కొస్త?"

"శాలిబండ ఎంత దూరం? నడిసొస్త."

వైకుంఠం స్టవ్వు మంట తగ్గించాడు. వద్దనలేదు. తర్వాత, టైమెంత అని అడిగినంత మామూలుగా అడిగాడు: "మరి వంట?"

జవాబులన్నీ ఆమె నాలుక చివరికి వచ్చేశాయి. కోడికూతకే లేచి వండిపెడతాను, మధ్యాహ్నానికి చద్ది ఉంచుతాను, అత్తకు పెరుగన్నం కలిపిపెడతాను. అన్నీ ఆమెకు తెలుసు. ఎప్పుడూ ఆమెకే తెలుసు.

"ఏమో, నాకు తెల్వది," అన్నది విమల. అని, ఖాళీ గ్లాసు అతని వైపు చాపింది. "ఇంకింత చాయ్ ఉన్నదా?"