గొడ్ల మందు

ఆవులు ఈనుతున్న రోజుల్లో డ్వేన్ నా కొట్టానికి వచ్చాడు. నా భార్య వెర్నాకు తమ్ముడు. ఆమె పోయి ముప్పై మూడేళ్లయినా నన్ను బావా అనే పిలుస్తాడు. అమెరికాలోని మాంటానాలో మా ఇద్దరి పొలాలకూ మధ్య ఒకటే కంచె.

"పెన్సిలిన్ సీసా ఉందా బావా? దుకాణంవాడు పశువుల డాక్టరు చీటీ తెమ్మంటున్నాడు."

"దేనికి?"

"ఎద్దుకి కాలు వాచింది."

వచ్చిన పావుగంటలో రెండుసార్లు కొట్టం వెనక్కి వెళ్లొచ్చాడు. రెండోసారి పళ్లు బిగబట్టి వచ్చాడు.

"ఆ ఎద్దు రెండు కాళ్ల మీద నడుస్తుందేంట్రా?"

డ్వేన్ మొహం కందిపోయింది. "ఎగతాళి చెయ్యకు బావా. ఉచ్చ పోస్తే ఒకటే మంట. చీము కూడా. పోయిన వారం బిల్లింగ్స్‌లో గొడ్ల సంతకి వెళ్లాగా."

"ఒక్కడివే పడుకున్నావా అక్కడ?"

"ఒక్కడినే అయితే ఇక్కడికెందుకొస్తాను?"

"మీ ఆవిడ మార్లిస్‌కి చెప్పావా?"

"మతిపోయిందా నీకు? దానికేం లేదు, గుండ్రాయిలా ఉంది. ఓ సూది నా పిర్రలో పొడిచెయ్, పీడ వదిలిపోతుంది."

సీసా తీశాను. ఎంత ఎక్కించాలో, ఎక్కడ పొడవాలో నాకు తెలుసు. గుమ్మం దగ్గరికి వెళ్లి మందంతా మంచులో పారబోశాను.

"పిసినారి ముసలోడా!" అని అరిచాడు.

"ట్రక్కెక్కు," అన్నాను.

క్లినిక్ నలభై మైళ్లు. సూదంటే భయమని నన్నూ గదిలోకి లాక్కెళ్లాడు. నర్సు అతని చేత చిన్న డబ్బాలో మూత్రం పట్టించింది. ఫలితం రావడానికి రెండు రోజులు పడుతుందనీ, సెగరోగం లక్షణాలే కనుక సూది ఇప్పుడే వేస్తాననీ చెప్పింది.

"గొడ్ల మందుతో పోదా?" అన్నాడు.

"పోదు. ఆ పురుగు పెన్సిలిన్‌కి ఎప్పుడో అలవాటు పడిపోయింది. ఇది వేరే మందు, ఒక్క సూది చాలు. ఏడు రోజులు ఎవరి జోలికీ వెళ్లకు. ఎవరెవరితో ఉన్నావో పేర్లు చెప్పు, వాళ్లకీ వైద్యం చెయ్యాలి."

సంతలో కలిసిన ఆమె పేరు చెప్పాడు. భార్య పేరు చెప్పలేదు.

"ఆవిడకేం బాధ లేదండీ."

"ఆడవాళ్లలో చాలామందికి తెలియనే తెలియదు. లోపల పాడవుతూనే ఉంటుంది," అని నర్సు సూది తేవడానికి వెళ్లింది.

"వెర్నాకీ ఏం తెలియలేదు," అన్నాను.

"అక్కకేంటి?"

చెప్పాను. అదే సంత. అదే సెగ. గొడ్ల సీసాలోంచి నాకు నేనే పొడుచుకున్నాను. చీము ఆగింది. నోరు మూసుకున్నాను. మూడేళ్లకు ఆమెకు గర్భం సంచిలో కాక గొట్టంలో నిలిచి, అది పగిలింది. ఆసుపత్రి చేరేసరికి ఒంట్లో రక్తం లేదు. గొట్టాలు పాత జబ్బుతో అతుక్కుపోయి ఉన్నాయని, ఆమెకు ముందెప్పుడైనా ఏదైనా సోకిందా అని డాక్టరు అడిగాడు. లేదన్నాను. శవపేటిక ముందు ఆమె తల్లితో దేవుడు తీసుకుపోయాడన్నాను. ఆ రోజు డ్వేన్ నా భుజం మీద పడి ఏడ్చాడు. నేను అతని వీపు నిమిరాను. ఆ చెయ్యి ఇంకా నా ఒంటికే ఉంది.

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. నర్సు వచ్చింది.

"మార్లిస్ హౌగెన్," అన్నాడు ఆమెతో. "నా భార్య. మీరు చెయ్యొద్దు, నేనే ఫోన్ చేస్తాను."

సూది వేయించుకుని నడవాలోకి వెళ్లాడు. "ముందు విను. తర్వాత తిట్టు," అనడం వినిపించింది.

నేను బయటికి వెళ్లి ట్రక్కులో కూర్చున్నాను. గంటకు మార్లిస్ కారు వచ్చింది. నా వైపు చూడకుండా లోపలికి వెళ్లింది. అరగంటకు సూది పొడిచిన తుంటి పట్టుకుని బయటకొచ్చింది, వెనకాల డ్వేన్. కారు తలుపు అతని కోసం తీయలేదు. అయినా అతను ఎక్కబోయాడు, ఆగి నా దగ్గరికి వచ్చాడు.

"ఆర్లో," అన్నాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. "ఇక కంచె దగ్గర నాకు కనబడకు."

"కనబడను," అన్నాను.