రెండింటి నుంచి నాలుగున్నర దాకా

వెంకటేశ్వరరావు సారుకి కోపం వస్తే అరవడు, నెమ్మదిగా ప్రశ్నలడుగుతాడు. అంతకంటే అరిచినా బాగుండును. ఆ రోజు దుర్గాశ్రీ సర్వే కాగితాలు చేత్తో పట్టుకుని అలాగే మొదలెట్టాడు.

"నలభై ఇళ్లూ తిరిగావా?"

"ఆయ్, తిరిగానండి."

"ముప్ఫై ఏడుగురు ఆడవాళ్లకి 'పని లేదు' అని రాశావు. మరి మీ వీధిలో పొద్దున్నే వాకిళ్లు ఊడ్చేదెవరమ్మా, పందికొక్కులా?"

క్లాసంతా గొల్లుమంది. క్లాసంతా అంటే ఎంతమందనుకున్నారు? పన్నెండో తరగతిలో హ్యూమన్ జాగ్రఫీ తీసుకున్నవాళ్లు తొమ్మిది మంది. తొమ్మిది మంది నవ్వినా సిగ్గు సిగ్గే కదా.

పాపం, తప్పంతా పిల్లదే అనడానికీ లేదు. "ఏం పని చేస్తారండీ?" అని ఏ గుమ్మంలో అడిగినా ఒకటే జవాబు: "నేనేం చేస్తానమ్మా, ఖాళీయే." తెరేసా ఆంటీ అయితే ముందు బేసిన్ పెట్టుకుని రొయ్యలు ఒలుస్తూనే ఆ మాట అంది. ఈ మహాతల్లి తలొంచుకుని రాసుకొచ్చేసింది. సొంతింట్లో అయితే అడగను కూడా అడగలేదు. 'సరోజిని, పని లేదు' అని వీధిలో నడుస్తూనే నింపేసింది. సరోజిని అంటే వాళ్లమ్మ.

"ఏం పని చేస్తారని అడక్కు," అన్నాడు సారు. "నిన్న లేచింది మొదలు పడుకునేదాకా ఏం చేశారో అడుగు. అరగంటకో గడి గియ్యి. పనికి ఎరుపు, నిద్రకి నీలం, విశ్రాంతికి ఆకుపచ్చ. ఇంటికో మగమనిషి, ఇంటికో ఆడమనిషి. ఇదే నీ ప్రాజెక్టు."

ఈసారి ముందు ఇంట్లోనే మొదలెట్టింది. నాన్న వీరబాబు రొయ్యల చెరువు మీద మేత పని చేస్తాడు. పొద్దున్నే ఐదింటికి వెళ్లి పన్నెండున్నరకి వస్తాడు, అన్నం తిని ఒంటిగంట నుంచి నాలుగున్నర దాకా గుర్రుపెట్టి పడుకుంటాడు, మళ్లీ సాయంత్రం మేతకి వెళ్తాడు. ఆయన వరస ఇట్టే నిండిపోయింది. అమ్మ వరస తెల్లారగట్ల నాలుగున్నరకి ఎరుపుతో మొదలై మధ్యాహ్నం రెండింటి దాకా ఎరుపే. అక్కడ అమ్మ ఆగింది.

"రెండింటి నుంచి నాలుగున్నర దాకా నిద్రపోతానని రాసెయ్."

"పగలు నువ్వెప్పుడు పడుకున్నావమ్మా?"

"రాసెయ్యమంటున్నానా!"

మర్నాడు శనివారం, స్కూలు లేదు. రెండింటికి, నాన్న మంచి గురకలో ఉండగా అమ్మ పెరటి గుమ్మంలోంచి బయటపడింది. దుర్గాశ్రీ వెనకే వెళ్లింది. రెండు వీధుల అవతల, కుట్టు పని నేర్పే ఫిలోమినా ఇంట్లో, చెక్క ఫ్రేముకి బిగించిన బట్ట మీద వంగి, అమ్మ మగ్గం వర్క్ చేస్తోంది. సగం నెమలి అప్పటికే బట్టమీదికి వచ్చేసింది. పూసలు పూసలుగా తోక కుడుతోంది. అంత నిమ్మళంగా ఉన్న అమ్మ మొహం ఆ పిల్ల ఎప్పుడూ చూసింది కాదు.

తిరిగొచ్చే దారిలో అమ్మ చెప్పింది. "ఆర్నెల్లయిందే. మొదట్లో మీ నాన్నతో అంటే, ఈ వయసులో నీకెందుకే అని నవ్వాడు. ఇంక చెప్పలేదు. ఫిలోమినా దగ్గర మూడే ఫ్రేములు. వారం మానేస్తే ఇంకొకళ్లకి ఇచ్చేస్తుంది, కాచుక్కూచున్నారు. నాకంటూ ఉన్నది ఇదొక్కటేనే. ఆ గళ్లకి నీలం వేసెయ్, నా తల్లివి కదూ."

నీలం వేస్తే అబద్ధం, ఎరుపు వేస్తే అమ్మ బయటపడిపోతుంది. దుర్గాశ్రీ ఆ ఐదు గళ్లూ ఏ రంగూ వెయ్యకుండా వదిలేసింది.

అప్పటికే కనకాలపేటలో నాయనమ్మ కామాక్షమ్మ బాత్రూంలో జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది, సోమవారం ఇంటికి పంపేస్తామన్నారు. ఆదివారం బాబాయి గణేష్, పిన్ని వచ్చి కూర్చున్నారు. మూడు నెలలు మనిషి పక్కనే ఉండాలి, ఒక్క క్షణం వదలకూడదు.

"నాకు షాపు, మా ఆవిడకి కాన్వెంటులో టీచరు పని," అన్నాడు బాబాయి. "ఇక్కడికే తెచ్చేద్దాం. వదిన ఖాళీయే కదా."

"ఆఁ, ఖాళీయేలే," అన్నాడు వీరబాబు, వంటింటి వైపు చూడనైనా చూడకుండా.

దుర్గాశ్రీకి ఒళ్లు మండిపోయింది. మూడు నెలలంటే ఫ్రేము పోయినట్టే. ఆపుకోలేక చార్టు తెచ్చి బల్ల మీద పరిచింది. "అమ్మ ఖాళీ ఏం కాదు బాబాయ్. చూడు, ఎంత ఎరుపో!"

బాబాయి వేలుపెట్టి గడి గడీ చూసుకుంటూ వచ్చి రెండింటి దగ్గర ఆగాడు. "మరిక్కడేం లేదుగా! రెండున్నర గంటలు! నువ్వే రాశావు కదే!" అని పకపకా నవ్వాడు.

దుర్గాశ్రీ నాలిక కరుచుకుంది. చేతులారా తనే అమ్మని పట్టిచ్చినట్టయింది.

సరోజిని టీ ట్రే బల్ల మీద పెట్టింది. ఎర్ర పెన్సిల్ తీసుకుని ఆ ఐదు గళ్లూ తనే నింపింది, ఒత్తి ఒత్తి, గీత బయటికి పోకుండా.

"ఫిలోమినా దగ్గర మగ్గం వర్క్ నేర్చుకుంటున్నాను. అత్తయ్యగారిని నేను చూస్తాను, ఆవిడ నాకేం బరువు కాదు. ఈ రెండున్నర గంటలు మాత్రం నేను ఇంట్లో ఉండను. ఎవరుంటారో మీరే తేల్చుకోండి."

పిన్ని వంగి, పై వరస మీద వేలు పెట్టింది. "ఏమండీ, బావగారికి ఒంటిగంట నుంచి నాలుగున్నర దాకా అంతా నీలమే!"

"ఎవరే ఈ రంగులు వేసింది?" అన్నాడు వీరబాబు.

"నువ్వు చెప్పిందే వేశాను నాన్నా."

మంగళవారం రెండయ్యేసరికి సరోజిని తల దువ్వుకుని, పెరటి గుమ్మం కాదు, వీధి గుమ్మంలోకొచ్చి చెప్పులేసుకుంది. లోపల తల్లి మంచం పక్క కుర్చీలో వీరబాబు మూతలు పడుతున్న కళ్లు నులుముకుంటున్నాడు.

"ఇదిగో, అమ్మ మంచినీళ్లు అడుగుతోంది. గ్లాసెక్కడ పెట్టావు?" అని కేకేశాడు.

"మీరు ఖాళీయే కదండీ," అంది సరోజిని మెట్లు దిగుతూ, "వెతకండి."