రెండు పవర్ సున్నా

చిలమత్తూరులో నూర్జాన్ ట్యూషన్ తెలియనివాళ్లు తక్కువ. పన్నెండేళ్లుగా సాయంత్రం పూట ఇంటిముందు రేకుల పంచలో పిల్లలకు లెక్కలు చెబుతోంది. ఆమె కూతురు షీరీన్ ఎనిమిదో తరగతి పరీక్షలో 2⁰ = 0 అని రాస్తే టీచరు ఎర్రసిరాతో కొట్టేసింది.

మర్నాడే నూర్జాన్ పేపరు పట్టుకుని బడికి, షీరీన్ తరగతి గదికే పోయింది. లెక్కల టీచరు నాగలక్ష్మి కొత్తగా వచ్చిన పిల్ల, పాతికేళ్లు కూడా ఉండవు.

"ఏం మేడం, రెండును ఒక్కసారి కూడా గుణించకపోతే ఏం మిగుల్తాది? సున్నానే గదా. నా బిడ్డకు నేనే చెప్పినా," అంది నూర్జాన్.

నాగలక్ష్మి వాదించలేదు. సుద్దముక్క చేతికిచ్చింది. "రెండు పవర్ నాలుగు కాడినుంచి కిందికి రాసుకుంటా రాండక్కా."

నూర్జాన్ బోర్డు మీద రాసింది. పదహారు, ఎనిమిది, నాలుగు, రెండు.

"ఒక్కో మెట్టు దిగితే ఏమైతాండాది?"

"సగమైతాండాది."

"పవర్ ఒకటి కాడ రెండు ఉండాది. ఇంకో మెట్టు దిగండి."

రెండులో సగం. నూర్జాన్ చెయ్యి ఒకటి వేసేసింది. వేశాక చూసుకుంది. ఎడమవైపు 2⁰, కుడివైపు 1. రెండూ తన చేతిరాతే.

"ఇంకొకటి," అంది నాగలక్ష్మి మెల్లగా.

పవర్ మైనస్ ఒకటి. అర. ఆ కింద పావు. పవర్‌కు మైనస్ పెడితే జవాబు కూడా మైనస్ అవుతుందని ఇన్నేళ్లూ ఆమె చెబుతూ వచ్చింది. ఇక్కడ ఎంత దిగినా సున్నాయే తగలడం లేదు. మూడో బెంచీలోంచి షీరీన్ కళ్లార్పకుండా చూస్తోంది.

"తప్పు నాది మేడం. బిడ్డది కాదు," అని బయటికి వచ్చేసింది.

పన్నెండేళ్లలో ఎంతమందికి చెప్పిందో లెక్క తెగలేదు. దారిలో ఓబిలేష్ సెల్‌ఫోన్ రిపేరు అంగడి కనిపించింది. ట్యూషన్ పెట్టిన మొదటి ఏడాది తన దగ్గర చదివినవాడు. లోపలికి పోయి జరిగింది చెప్పింది.

వాడు చేతిలోని ఫోను కింద పెట్టాడు. "తెలుసక్కా. టెన్తులోనే తెలిసింది. బాధపడ్తావని మేమెవ్వరం నీకు చెప్పలేదు."

మేమెవ్వరం. అంటే అందరికీ తెలుసు. వాడు నీళ్లిస్తే నూర్జాన్ తాగకుండానే లేచింది.

ఆ సాయంత్రం పంచలో పిల్లలు కూర్చోగానే ముందు ఆ మెట్లన్నీ పలక మీద రాసి చూపించింది.

"ఇన్నాళ్లూ నేను చెప్పింది తప్పు. ఇంగ మీదట నేను తప్పు చెప్తే మొగం మీదనే చెప్పండి. ఏమనుకోను."

వెనక వరసలో ఆరీఫా భయంభయంగా చెయ్యెత్తింది.

"అయితే ఇంగొక తప్పుండాది అక్కా."