అమెరికా మర్యాద

అమెరికాలోని నోవై ఊళ్ళో రఘువీర్ ఉంటున్న అపార్ట్‌మెంట్ లీజులో రెండే పేర్లున్నాయి. ఉండేది మాత్రం ఆరుగురు ఎమ్మెస్ విద్యార్థులు. కొత్తగా దిగిన నలుగురికీ అమెరికా మర్యాద నేర్పే బాధ్యతను సీనియర్ రఘువీర్ నెత్తిన వేసుకున్నాడు.

"ఎవరైనా హావ్ ఎ నైస్ డే అంటే వెంటనే యూ టూ అనాల్రా. గమ్మునుంటే మన పరువు పోద్ది," అని వారం రోజులు వల్లె వేయించాడు.

ఆ శనివారం అపార్ట్‌మెంట్ మేనేజరు తనిఖీకి వచ్చింది. ఆరుగురున్నట్టు తేలితే అందరూ మంచులో రోడ్డున పడాల్సిందే. రఘువీర్ నలుగురినీ బట్టల క్లోజెట్‌లోకి తోసి తలుపు మూశాడు. గుమ్మం బయట ఆరు జతల బూట్లు మాత్రం అలాగే ఉండిపోయాయి.

"ఇద్దరికి ఇన్ని బూట్లా?" అందామె.

"పూటకో జత వేసుకోవడం మా ఆచారం మేడమ్," అన్నాడు రఘువీర్.

పరాయి ఆచారాలను ప్రశ్నించకూడదని ఆమెకూ ఎవరో వల్లె వేయించినట్టున్నారు. గౌరవంగా తలూపి, కాగితం మీద సంతకం పెట్టి, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"హావ్ ఎ నైస్ డే!"

రఘువీర్ నోరు తెరిచేలోగానే క్లోజెట్‌లోంచి నాలుగు గొంతులు ఒక్కసారిగా పలికాయి.

"యూ టూ, మేడమ్!"