సొట్ట ఎవరిది, బండి ఎవరిది

"బండిని నువ్వే తుడిచెయ్, నీ చేతికి అలవాటేగా" అని భర్త లోపలినుంచి కేకేసేసరికి ఆమె అప్పటికే వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఉంది. పొద్దున లేచిందగ్గర్నుంచి గిన్నెలు, గచ్చు, అత్తగారి కళ్లద్దాలు, పిల్లదాని బూట్లు తుడిచిన చేతికి ఆఖరున మోటారు సైకిలు వంతొచ్చింది. కొనేవాడు పదింటికి వస్తాడు. అదే వేళకి కొత్త బండికి బీమా రాసే ఏజెంటునీ రమ్మన్నాడు భర్త. రెండు పనులూ ఒక్క టీతో తేలిపోవాలని ఆయన ఎత్తు. ఆ టీ కూడా ఆమే పెట్టాలి.

ఆమె ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం చేస్తుంది. ఎనిమిదేళ్లుగా ఈ బండి మీద ఆమె దూరని సందు లేదు. వీధుల్లో ఆమె పేరు మీటరమ్మ. ఆమె బండి చప్పుడు మలుపులో వినపడగానే ఊరికే తిరుగుతున్న ఫ్యాన్లు వాటంతటవే ఆగిపోతాయని జనం చెప్పుకుంటారు. అది కోతే అనుకున్నా, ఒకింట్లో ఆమె గేటు తీసేలోగా నలుగురు మనుషులు అన్నీ కట్టేసుకుని చెమటలు కక్కుతూ కూర్చున్న మాట మాత్రం నిజం. "మీ ఆఫీసుకి మగాళ్లెవరూ దొరకలేదా అమ్మా" అని మంచినీళ్లిచ్చి మరీ జాలిపడేవాళ్లున్నారు. ఆఫీసులో కుక్కలున్న వీధులూ, నాలుగంతస్తుల మెట్లున్న మేడలూ ఏరికోరి ఆమెకే రాస్తారు. "నీకు ఓపికెక్కువ" అంటాడు పై ఉద్యోగి. ఇంట్లోనూ అదే మాట. ఆ మాట అన్నవాళ్లెవరూ పని పంచుకోవడం ఆమె ఇంతవరకు చూడలేదు.

భర్త బట్టల షాపులో సేల్స్‌మన్. గోనెసంచిని భుజం మీద కప్పి, అద్దం ముందు నిలబెట్టి, "మీ రంగు చూసే దీన్ని నేశారండీ" అని ఒప్పించగల మనిషి. మండుటెండల్లో ఒకాయనకి మూడు ఉన్నికోట్లు అమ్మాడనీ, ఆయన మూడూ ఒకదానిమీద ఒకటి తొడుక్కుని చల్లగా ఉందంటూ ఇంటికెళ్లాడనీ షాపులో ఇప్పటికీ చెప్పుకుంటారు. పోయిన నెలలో పెద్ద సేల్స్‌మన్ అయ్యాడు. అయ్యాక, హోదాకి తగ్గ కొత్త బండి కావాలన్నాడు. పాతదాన్ని అమ్మేద్దామన్నాడు. "కొత్తది నా పేరున ఉంటుంది. దాన్ని సందుల్లో దుమ్ములో తిప్పడం కుదరదు. నువ్వు బస్సులో వెళ్లు, ఏం పోయింది?"

ఏం పోతుందో ఆయనకి తెలియదు, ఎవరికీ తెలియదు. వాయిదాలన్నీ ఆమె జీతంలోంచే పోయిన బండిని, "మా ఆవిడకి బండి కొనిపెట్టాను" అని పదిమందిలో చెప్పుకున్నప్పుడు కూడా ఆమె ఏమీ అనలేదు. పోతే పోనీ అనుకుంది. కానీ ఆఖరి మీటరు చూసి ఇంటికి తిరిగొచ్చే ఆ అరగంట ఉందే, అది ఆమెది. పెద్దరోడ్డు మీద, చెవుల్లో గాలి హోరుమంటూ ఉండగా, వెనక సీటు మీద ఎవరూ లేకుండా వచ్చే అరగంట. అప్పుడు ఆమె ఎవరికీ కోడలు కాదు, ఎవరికీ టీ బాకీ లేదు. ఒక్కోరోజు కావాలనే చుట్టుదారిన వచ్చేది. బస్సయితే నిలబడాలి, ఒదగాలి, మోచేతులు తప్పించుకోవాలి, ఇంటికొచ్చేసరికి చీకటి పడుతుంది, చీకటి పడ్డాక వంట మొదలవుతుంది. రోజులో తనకంటూ మిగిలిన ఆ ఒక్క ముక్కనీ ఇవాళ పదింటికి ఎవరో వచ్చి తోలుకుపోతారు.

కొనేవాడు వడ్రంగి. చెవిమీద పెన్సిలు అలాగే పెట్టుకుని వచ్చాడు. చెక్కని చూసినట్టు బండిని వేలితో కొట్టి చూశాడు. వసారాలో కుర్చీ వేసుకుని ఏజెంటు అప్పటికే ఫారాలు విప్పాడు.

"ఎవరు నడిపారండీ?" అన్నాడు వడ్రంగి.

భర్త గొంతులోకి షాపు దిగొచ్చింది. "మా ఆవిడే. ఎనిమిదేళ్లూ ఒక్క చెయ్యి. మీరు నమ్మరు, ఆవిడ బ్రేకు వేస్తే హ్యాండిలు మీద నిద్రపోతున్న దోమ పక్కకి కూడా దొర్లదు. నిండు గ్లాసు నీళ్లు సీటు మీద పెట్టి ఊరు చుట్టి రమ్మనండి, చుక్క ఒలికితే బండి ఊరికే తీసుకెళ్లండి."

వడ్రంగి మెచ్చుకోలుగా తలాడిస్తూ వంగి, ట్యాంకు కింద తడిమాడు. "మరి ఈ సొట్టేంటి సార్?"

"అదా..." భర్త నవ్వాడు. "ఎంతైనా ఆడవాళ్లు కదా."

వంటింట్లో టీ పొంగబోతోంది. ఆమె మంట తగ్గించింది. ఆ సొట్ట పడ్డ ఆదివారం ఆమెకు బాగా గుర్తుంది. ఈయన స్నేహితుణ్ణి వెనక ఎక్కించుకుని, రెండు చేతులూ వదిలేసి విద్య చూపించబోయి గేటు స్తంభాన్ని గుద్దాడు. మర్నాడు ఆమె మెకానిక్కు దగ్గరికి తోసుకెళ్లింది. బీమా డబ్బు అడిగితే ప్రీమియంలో ఏటేటా పెరుగుతున్న రాయితీ పోతుందని విని, అడక్కుండా బాగుచేయించింది.

వసారాలో ఏజెంటు పెన్ను తీశాడు. "కొత్త బండి ఎవరి పేరున రాయమంటారు?"

"నా పేరే. దాని చేతికిస్తే వారానికో గోడ పడిపోతుందండీ."

వడ్రంగి లేచి నిలబడ్డాడు. "అదేంటి సార్, ఇందాక దోమ కూడా కదలదన్నారు. గోడలు కూడా కొట్టిందా ఈ బండి? అయితే నాకొద్దులెండి."

"అబ్బే, ఈ బండి కాదు..."

"ఆవిడకి ఇదొక్కటేగా ఉంది" అన్నాడు ఏజెంటు.

ఎటు కదిలినా ఏదో ఒక బేరం చెడుతుంది. ఉన్నికోట్లు అమ్మిన మొహాన చెమట పట్టింది. ఆమె టీ గ్లాసులతో బయటికొచ్చి వడ్రంగికి మొదట ఇచ్చింది.

"ఆ సొట్ట ఆయనది బాబూ. సొట్ట లేని మిగతా బండంతా నాది. ఇంజను విని తీసుకో."

వడ్రంగి మళ్లీ కూర్చున్నాడు. భర్త తల తిప్పి తల్లి వైపు చూశాడు. "చూడవే అమ్మా దీని మాటలు."

గుమ్మంలో కూర్చుని పప్పు ఏరుతున్న అత్తగారు చేట పక్కన పెట్టింది. కంటి వైద్యానికి నెలనెలా కోడలి వెనకాలే కూర్చుని వెళ్లొచ్చే మనిషి. "నన్నడుగుతావేంట్రా. నువ్వు నడిపే పనైతే నేను ఆస్పత్రికి ముందురోజే బయల్దేరి నడిచిపోతాను."

ఏజెంటు నవ్వు ఆపుకుని ఆమె పేరున ఉన్న పాత పాలసీ తిప్పుతున్నాడు. ఆమె అడిగింది: "అన్నయ్యగారూ, ఇన్నేళ్లూ ఏమీ అడగనందుకు ఇచ్చిన రాయితీ, బండితోపాటు కొనేవాళ్లకి పోతుందా?"

"లేదమ్మా. అది బండికిచ్చేది కాదు, మనిషికిచ్చేది. దీన్ని అమ్మినా మీతోనే ఉంటుంది. మీ పేరున ఇంకో బండి తీసుకుంటే దానికి పడుతుంది. ఇంకెవరి పేరుకీ మారదు, భర్తయినా సరే."

ఏమీ అడగకుండా నెట్టుకొచ్చిన ఏళ్లు ఎక్కడో తన పేరున నిలిచి ఉన్నాయని ఆమెకి ఎవరైనా చెప్పడం ఇదే మొదలు.

భర్త చప్పున తేరుకున్నాడు. "ఇంకేం మరి, రాయితీ కలిసొస్తుంది, దాని పేరే రాసెయ్యండి. పేరుదేముంది, నడిపేది నేనేగా."

ఏజెంటు ఆమె పేరు రాశాడు. వృత్తి దగ్గర అలవాటుకొద్దీ గృహిణి అని రాయబోతుంటే ఆమె వేలు కాగితానికి అడ్డం పెట్టింది. "ఉద్యోగం అని రాయండి. మీటర్లు చూస్తాను. రెండో వీధిలో మీ ఇంటి మీటరు చూసేది కూడా నేనేగా." ఆయన సర్దుకుని రాశాడు. ఆమె కొత్త బండి ఫారం మీద సంతకం పెట్టింది. పాత బండి అమ్మకం కాగితం మీద మాత్రం పెన్ను ఆనించి ఆగింది.

"రేపు షోరూములో రెండు తాళాలూ నాకే ఇమ్మని చెప్పండి. నా డ్యూటీకి నేను దానిమీదే వెళ్తాను. దుమ్ము పడితే తుడుస్తాను, నా చేతికి అలవాటే. అది కుదరదంటే ఇక్కడ సంతకం పెట్టను, ఈ బండి ఇక్కడే ఉంటుంది."

వడ్రంగి టీ తాగడం ఆపి భర్త వైపు చూశాడు. అత్తగారూ చూసింది. ఏజెంటు ఫారాలన్నీ మడిచి, సంచిలో పెట్టాలా వద్దా అన్నట్టు చేతిలోనే పట్టుకున్నాడు.

"సరేలే, పెట్టు" అన్నాడు భర్త చివరికి, గొంతు తగ్గించి. "మరి నా సంగతేంటి?"

ఆమె అమ్మకం కాగితం మీద కూడా సంతకం పెట్టి, పెన్ను ఏజెంటుకి తిరిగిచ్చింది.

"మీ పేరున ఒకటి కొనుక్కోండి. దేన్నీ గుద్దకుండా, ఎవరినీ ఏమీ అడక్కుండా ఎనిమిదేళ్లు నడపండి. మీకూ ఇస్తారు."