అవతలి గోలులో వైనో

కెస్టర్ బేలో నవంబరు నుంచి మార్చి దాకా మాట్లాడుకోవడానికి రెండే విషయాలు ఉండేవి: చలి, ఐసు మీద ఆడే హాకీ. చలి గురించి ఎంత మాట్లాడినా తగ్గదు కనక అందరూ హాకీ గురించే మాట్లాడుకునేవారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఆరేళ్లయిన ఆ చలికాలంలో మాటలు మరీ ఎక్కువయ్యాయి. లీగులో అట్టడుగున ఉంటుందనుకున్న ఊరి జట్టు, సీజను ఆఖరి ఆట దాకా, కప్పు తేల్చే ప్లేఆఫ్ ఆటల ఆశ చావకుండా నెట్టుకొచ్చింది. ఆఖరి ఆట ఫోర్ట్ ఆలిస్‌తో. గెలిస్తే ప్లేఆఫ్. ఓడినా, సమానంగా ముగిసినా ఇంటికే.

వైనో రంటలా ఆ జట్టు సామాను చూసుకునేవాడు. స్కేట్లకి పదును పెట్టేవాడు, చిరిగిన ప్యాడ్లు కుట్టేవాడు, తడిసిన బట్టలు బాయిలరు గదిలో ఆరేసేవాడు. ఆ రోజుల్లో ఏ జట్టుకైనా గోలు కాచే గోలీ ఒక్కడే. సాధనలో రెండో గోలు ముందు నిలబడే మనిషి కావాలి కనక, ఆ పనీ వైనోదే. ఏళ్ల తరబడి కుర్రాళ్లు కొట్టే ప్రతి దెబ్బా అతని ఒంటికి గుర్తే. అయితే టికెట్టు కొన్న జనం ముందు, అసలు ఆటలో, అతను ఒక్క నిమిషం నిలబడింది లేదు. నలభై దాటాక ఆ కోరికని పాత కోటులా మడిచి అటక మీద పడేశాననుకున్నాడు.

ఆ సాయంత్రం స్కోరు రెండు, రెండు. మూడు పీరియడ్ల ఆటలో రెండోది ముగుస్తుండగా మనవాళ్ల లూసియన్ గార్నో కొట్టిన పక్, గట్టి రబ్బరు బిళ్ల, ఫోర్ట్ ఆలిస్ గోలీ చెంపకి తగిలింది. మొహానికి ముసుగు కట్టుకునే అలవాటు అప్పట్లో ఎవరికీ లేదు. కుట్లు వేద్దామని వంగిన డాక్టరు, ఎముకని వేలితో తడిమి తల అడ్డంగా ఊపాడు. స్ట్రెచరు మీద వెళ్తూ ఆ కుర్రాడు జనానికి చెయ్యి ఊపాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు.

కోచ్ మెక్‌ఫీ బాయిలరు గది తలుపు తోసుకుని వచ్చాడు.

"వైనో, లే. దిగాలి నువ్వు."

"ఎక్కడికి?"

"గోల్లోకి. వాళ్ల గోల్లోకి."

వచ్చిన జట్టు గోలీ పడిపోతే ఊరి జట్టు మనిషినివ్వాలన్నది లీగు నియమం. అది వైనోకి తెలుసు. తెలిసినా, తన దాకా వస్తుందనుకోలేదు.

"మన కుర్రాళ్లు కొడుతుంటే నేను ఆపాలా?"

"మరి? వాళ్ల గోల్లోకి వాళ్లే కొట్టుకుంటారా?" అన్నాడు మెక్‌ఫీ. తర్వాత టోపీ తీసి తల గోక్కున్నాడు. "నీకేం చెప్పాలో నాకు తెలీట్లేదయ్యా."

"అయితే ఏం చెప్పకు."

ఫోర్ట్ ఆలిస్ కోచ్ క్లాన్సీ తమ జట్టు ఎర్ర స్వెటరు అందించాడు. నిలువెల్లా అనుమానమే అతను. "చూడు పెద్దమనిషీ, ఒక్కటే అడుగుతా. ఆట ఆడతావా, మీవాళ్లకి చదివింపులు చదివిస్తావా?"

వైనో స్వెటరు అందుకున్నాడు. తల మీంచి దూర్చుకుంటుంటే గుండె దడదడలాడింది. భయమనుకున్నాడు. కాదు, సంతోషం. సంతోషమని తెలిశాక ఇంకా భయం వేసింది.

ఐసు మీదికి దిగేచోట చెక్కగోడ పక్కన భార్య హిల్యా నిలబడి ఉంది. ఊళ్లో అందరికంటే గట్టిగా అరిచేది ఆవిడే.

"హిల్యా, ఏం చెయ్యమంటావే?"

"ఆపు. వచ్చినవన్నీ ఆపు. ఒక్కటి కావాలని వదిలావనుకో, ఊరికి తెలీదేమో గానీ నాకు తెలుస్తుంది. ఆ మొహం నేను రోజూ చూడాలి."

అంతకంటే పెద్ద సాయం ఆ పూట అతనికి ఎవరూ చేయలేదు.

మూడో పీరియడ్‌లో మొదట లూసియనే దూసుకొచ్చాడు. కొట్టబోయే ముందు నాలిక బయటపెడతాడు వాడు. పెట్టాడంటే పక్ కుడివైపు నేల బారున వస్తుంది. వచ్చింది. వైనో కాలు అడ్డం పెట్టాడు.

"గురూ, నేను! లూసియన్ని!"

"తెలుసురా. అందుకే ఆపాను."

తర్వాత ఇంకొకడు, భుజం వంచేవాడు. ఆ తర్వాత మోసానికి ఎడమకి చూసేవాడు. ఎవరి గుట్టు వాళ్ల ఒంట్లోనే ఉంది, అదంతా వైనో కళ్లలో ఉంది. ఆపుతున్నకొద్దీ జనం పిచ్చెత్తిపోయారు.

"ఒరే వైనో, ఎవడి ఉప్పు తింటున్నావురా?"

"రేపు రొట్టెకి రా నా కొట్టుకి, చెప్తా నీ సంగతి!" ఇది బేకరీ యజమాని.

ఒకసారి పక్ మోకాలికి తగిలి కింద పడ్డాడు, పడ్డచోటే దొర్లి రెండో దెబ్బని చేత్తో లాగేసుకున్నాడు. బేకరీ యజమాని తిట్టబోయి, తిట్టు సగంలో మింగి చప్పట్లు కొట్టాడు. పక్కవాళ్లు అతన్ని గుర్రుగా చూశారు. కాసేపటికి వాళ్లూ కొట్టారు. మెక్‌ఫీ మాత్రం టోపీ నములుతున్నాడు.

గడియారంలో నిమిషం కూడా మిగల్లేదు, స్కోరు ఇంకా సమానమే. పక్ గోడకి తగిలి, దూరంగా నిలబడ్డ ఎల్మర్ ష్రోడర్ దగ్గరికి జారింది. ఎల్మర్ తలుపంత మనిషి. సొంత గోలు ముందు కాపలా కాయడం, వచ్చినవాణ్ణి గోడకేసి గుద్దడం తప్ప ఇంకో పని తెలీదు. సాధనలోనూ అవతలి కొసనే ఉంటాడు, వైనో మీదికి ఒక్క పక్ కొట్టినవాడు కాదు. ఎవరికిద్దామా అని అటూ ఇటూ చూశాడు. ఎవరూ ఖాళీగా లేరు. కళ్లు మూసుకుని, కట్టెలు కొట్టినట్టు ఒక్కటి బాదాడు.

వైనో అతని నాలిక కోసం చూశాడు, భుజం కోసం చూశాడు. చదవడానికి అక్కడ ఏమీ లేదు. కుడికి కదిలాడు. పక్ ఎడమ కాలి పక్కనుంచి వలలో పడింది.

రేకుల కప్పు ఎగిరిపోతుందేమో అన్నంత గోల. టోపీలు, రబ్బరు బూట్లు ఐసు మీద వానలా కురిశాయి. క్లాన్సీ ఐసు దాటి వచ్చి వైనో చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాడు.

"అలా అడిగినందుకు ఏమనుకోకు."

"ఏం లేదు," అన్నాడు వైనో. వల వైపే చూస్తున్నాడు.

బట్టలు మార్చుకునే గదిలోకి కుర్రాళ్లు అతన్ని భుజాల మీద మోసుకెళ్లారు. ఎర్ర స్వెటరుని ఊరి జట్టు ఆకుపచ్చ స్వెటర్లు మోయడం ఆ ఊరు అదే మొదటిసారి చూడటం. హిల్యా గుంపుని మోచేతులతో తోసుకుంటూ వచ్చి మొగుడి మొహం చూసింది. పరీక్షగా చూసింది. కావాలని వదిలిన మొహం కాదది.

"ప్లేఆఫ్‌కి పోతున్నాం మగడా! ఆ మొహం ముడుచుకోవడమేంటి?"

"మనం గెలిచామే. నేను ఓడిపోయాను," అన్నాడు వైనో. అనేసరికి తనకే నవ్వొచ్చింది. ఆగని నవ్వు, కళ్లమ్మట నీళ్లొచ్చేదాకా.

ఎల్మర్ నేరం చేసినవాడిలా మూల నిలబడి ఉన్నాడు. "ఒట్టు వైనో, ఎటు కొట్టానో నాకే తెలీదు."

"అదేరా నా బాధ! పొద్దున్నే ఐసు మీదికి రా. ఆ దెబ్బ ఏంటో నేను చూడాలి."